పాట ఆగలేదు

ఫోర్‌మన్‌కి చెవులు వినపడుతున్నాయని తేల్చుకోవడానికి ఆమెకి ఒక్క పాట చాలింది.

ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి రెండు చెవులూ పూర్తిగా పోయాయని అతను బీమా కంపెనీని పరిహారం అడిగాడు. ఆ మనిషే ఇప్పుడు పెయింట్ల దుకాణం పైనున్న హాల్లో ఆమె చెయ్యి పట్టుకుని, వాల్ట్జ్ పాటకి అడుగు తప్పకుండా డాన్సు చేస్తున్నాడు. పాట నెమ్మదిస్తే తనూ నెమ్మదించాడు. ఊపందుకుంటే తనూ అందుకున్నాడు. చివర్లో వాద్యాలన్నీ సాగదీసి ఆగినచోట అతని పాదం కూడా సాగి, ఆగింది. వినపడని మనిషికి ఇది సాధ్యమయ్యే పని కాదు.

పాట అయ్యాక అతను ఆమె భుజం తట్టి, "చాలా సాయం చేస్తున్నారమ్మా" అన్నాడు. హాలంతా వినపడేంత గట్టిగా అన్నాడు. నటన బాగా ఒంటబట్టించుకున్నాడని ఆమె అనుకుంది.

ఆమె బీమా కంపెనీ తరఫున దొంగ క్లెయిములు పట్టుకునే మనిషి. నడుం విరిగిందన్నవాణ్ణి గోడ దూకుతుండగా పట్టుకుంది. కుడిచెయ్యి చచ్చుబడిందన్నవాణ్ణి షటిల్ ఆడుతుండగా పట్టుకుంది. ఆఫీసులో ఆమెకి చాటుగా పెట్టుకున్న పేరు ఫ్రీజర్. ఆ సంగతి ఆమె చెవిన పడింది కూడా. ఇదివరకైతే ఒక పూట బాధపడేదేమో. భర్త పోయినప్పటినుంచి ఏ మాటా ఎక్కడా తగలడం లేదు. కాఫీ వేడిగా ఉందో చల్లారిందో తాగేశాక కూడా చెప్పలేకపోతోంది.

ఈ పని ఆమెకే ఎందుకు పడిందంటే ఆఫీసు మొత్తంమీద జంట డాన్సు వచ్చినది ఆమె ఒక్కతే. పెళ్ళయిన కొత్తలో భార్యాభర్తలిద్దరూ సరదాకి నేర్చుకున్నారు. సరదా ముదిరి పోటీలదాకా వెళ్ళారు, కప్పులు కూడా తెచ్చారు. ఆ కప్పుల్లో ఇప్పుడు అత్తగారు సూదులూ బొత్తాలూ దాచుకుంటోంది. ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. మనిషి బంగారం, కాకపోతే ప్రతిదానికీ ఆలస్యమే. దుకాణం తెరవడానికి ఆలస్యం, భోజనానికి ఆలస్యం, డాన్సులో తాళానికి కూడా ఆలస్యమే. ఒక్క చావుకి మాత్రం ఎవరో తరుముతున్నట్టు ముందే పరిగెత్తాడు.

మేనేజరు ఈ కేసు మీద పట్టుదలగా ఉన్నాడు. రెండు ఆసుపత్రులు రెండు రకాలుగా చెప్పడంతో అది విచారణాధికారి దగ్గరికి పోయింది. చెవి నరం చచ్చిపోయిందని ఒక ఆసుపత్రి రాసింది. నమ్మడానికి లేదని, కంపెనీ పంపించిన రెండో ఆసుపత్రి రాసింది. ఎటూ తేలకుండా ఉన్న సమయంలో, చెవిటి ఫోర్‌మన్ డాన్సు క్లాసులో చేరాడన్న కబురు వచ్చి మేనేజరు ఒళ్ళో పడింది. క్లెయిము కొట్టేయించడంతో ఊరుకోననీ, మోసం కేసు పెట్టించి లోపల వేయిస్తాననీ అతను అందరిముందూ అన్నాడు.

డాన్సు క్లాసు గురించి ఫోర్‌మన్ భార్య చెప్పే కథ వేరు. పేలుడులో చెవులతోపాటు నిలకడ కూడా పోయిందట. గచ్చుమీద నడిచినా పడవలో నడిచినట్టు తూలుతున్నాడట. ఎవరినైనా పట్టుకుని రోజూ అడుగులు వేయించమని డాక్టరు చెప్పాడట. తనకేమో మోకాళ్ళు సహకరించవు. అందుకే ఇక్కడికి లాక్కొచ్చానని ఆవిడ మొదటిరోజే హాల్లో ఉన్నవాళ్ళందరికీ చెప్పేసింది.

ఆవిడ బెంచీమీద కూర్చుని మొగుణ్ణే చూస్తూ ఉండేది. ఆ బెంచీకే ఇంకో చివర కంపెనీ కెమెరామన్ కూర్చునేవాడు. అక్కని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన తమ్ముడి వేషం అతనిది. ఒళ్ళో సంచీ, సంచీలో కెమెరా. ఫోర్‌మన్ భార్య అతనికి బిస్కెట్లు పెట్టేది. అతను మొహమాటపడుతూనే అన్నీ తినేవాడు.

ఆమె తన పని నిక్కచ్చిగా చేసుకుపోయింది. నేల అదురుని బట్టి అడుగు వేస్తున్నాడేమోనని చెప్పులు విడిచి నిలబడి చూసింది. సిమెంటు నేల చల్లగా తగిలింది, అంతకుమించి ఏమీ లేదు. స్పీకరు చిన్నది, కప్పుకి ఆనించి బిగించారు. హాల్లో అద్దాలు లేవు. ఇతరుల్ని చూసి అడుగు వేస్తున్నాడా అంటే, మిగతా జంటలన్నీ కొత్తవాళ్ళే, ఎవరి గోల వారిది. వాళ్ళని చూసి వేసేవాడైతే ఎప్పుడో బోర్లాపడేవాడు. దారులన్నీ మూసుకుపోయాయి. మిగిలింది ఒకటే, అతనికి వినపడుతోంది.

ఆ సాయంత్రం వెళ్ళబోతుంటే ఫోర్‌మన్ భార్య ఆమెని ఆపి నవ్వింది.

"మా ఆయనకి మీతో అయితేనే తాళం కుదురుతుందమ్మా. నాతో అయితే తాళం అంతా నా కాలివేళ్ళమీదే."

ఆమె కూడా నవ్వవలసినచోట నవ్వింది. ఆ మాటని ఒక్క క్షణం ఆగి తిప్పి చూసుకుని ఉంటే తర్వాతి కథ నడిచేదే కాదు. కానీ ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

రిపోర్టు మర్నాడే ఇచ్చేసింది. అతనికి వినపడుతోందనీ, ఏ పాటలోనూ ఒక్క అడుగు తప్పలేదనీ రాసి సంతకం పెట్టింది. మేనేజరు చదివి, కాఫీ తెప్పించి, మీలాంటివాళ్ళు ఇంకో నలుగురుంటే కంపెనీ ఎక్కడో ఉండేదన్నాడు. ఆమె సరేనంది. కాఫీ తాగింది. ఒక మనిషి జైలుకి వెళ్ళబోతున్నాడు, అది తన సంతకంతోనే జరుగుతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టుగా తెలుసు.

విచారణకి రెండురోజుల ముందు అత్తగారి కంటికి ఆపరేషన్ అయింది. కంటికి కట్టు కట్టించుకున్న అత్తగారిని ఆమె ఇంటికి తీసుకొచ్చింది. మేడమెట్లు ఎక్కుతుంటే అత్తగారు ఆమె చేతిని పట్టుకుంది, ఆమె అత్తగారి మోచేతిని పట్టుకుంది. కిందింట్లో రేడియో మోగుతోంది. సగం మెట్లమీద అత్తగారు ఆగిపోయింది.

"అమ్మాయ్, నా చెయ్యేమైనా డోలా? ఆసుపత్రి దగ్గర్నుంచీ చూస్తున్నా. ఎక్కడ పాట వినపడితే అక్కడ మొదలెడుతున్నావు."

ఆమె చేతివంక చూసుకుంది. వేలు కదలడం లేదు. అత్తగారికి మందు మత్తు ఇంకా దిగలేదని అనుకుంది. ఇంట్లోకి తీసుకెళ్ళి పడుకోబెట్టి, మాత్ర మింగించి, ఆ సంగతి మర్చిపోయింది.

విచారణ మధ్యాహ్నం అనగా, ఆ ఉదయం ఆఫీసులో కెమెరామన్ ఆమెని తన కంప్యూటరు దగ్గరికి పిలిచాడు. వీడియోని కుదించి అధికారికి చూపించేట్టు తయారుచెయ్యమని మేనేజరు అతనికి అప్పగించాడు. తెరమీద ఫోర్‌మన్ వీపు కనపడుతోంది, అతని భుజం పైనుంచి ఆమె మొహం.

"అక్కా, ఇక్కడ ఓ పాటలో మీ ఇద్దరికీ తాళం పోయింది. ఈ ముక్క కత్తిరించెయ్యమన్నాడు సారు. నీకు ఓసారి చెప్పి కత్తిరిద్దామని."

"పోలేదే" అంది ఆమె. "ఒక్క అడుగు కూడా తప్పలేదు."

అతను మీట నొక్కాడు.

పాట మొదలయింది. ఆమె కాళ్ళకింద నేల ఏమీ కదల్లేదు, గుండె ఆగలేదు. అది ఆమె తన భర్తతో చివరిసారి పోటీలో డాన్సు చేసిన పాట, అంతే. ఆ సాయంత్రం ఆ హాల్లో ఈ పాట వేశారన్న సంగతే ఆమెకి గుర్తులేదు. గుర్తుచేసుకుందామని చూసింది. దానికి ముందు పాట గుర్తుంది. తర్వాతది గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

తెరమీద ఫోర్‌మన్ తప్పటడుగులు వేస్తున్నాడు. పాట నెమ్మదిగా నడుస్తుంటే అతను దాన్ని వదిలేసి ముందుకు ఉరుకుతున్నాడు. అంతలోనే వెనకబడుతున్నాడు. అతని చేతుల్లో ఆమె, అతను ఎటు లాగితే అటు, మొహంలో ఏమీ లేకుండా తిరుగుతోంది. డాన్సులో కప్పులు తెచ్చిన మనిషి అంత పొడుగు పాటలో తాళం పోయిన సంగతే గమనించలేదు. పాట పూర్తయింది. ఇంకో పాట వచ్చింది. కాసేపటికి ఫోర్‌మన్ అడుగు టక్కున తాళంలో పడింది, ఇక తప్పలేదు.

"మళ్ళీ వెయ్యి" అంది ఆమె. "ఈసారి నా చెయ్యి దగ్గరగా చూపించు."

కెమెరామన్ బొమ్మని పెద్దది చేశాడు. ఫోర్‌మన్ భుజమ్మీద ఆమె ఎడమచెయ్యి. మొదటి పాటలన్నిటిలోనూ చూపుడువేలు కొడుతోంది. చిన్నగా, చొక్కా ముడత కూడా పడనంత చిన్నగా, ప్రతి తాళానికీ ఒక దెబ్బ. పాట నెమ్మదిస్తే వేలు నెమ్మదిస్తోంది. దానివెనకే అతని పాదం. ఆ ఒక్క పాట రాగానే వేలు ఆగిపోయింది. దానివెనకే పాదం దారితప్పింది. తర్వాతి పాటలో వేలు మళ్ళీ కదిలింది. పాదం వెనక్కి వచ్చింది.

భర్తకి అలా చెప్పేది. తాళానికి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మనిషికి భుజమ్మీద వేలితో కొట్టి చెప్పేది, పోటీలో ఎవరి కంటా పడకుండా. ఏళ్ళ తరబడి చెప్పింది. ఆయన పోయాడు. వేలికి ఆ కబురు అందలేదు.

"అక్కా, మంచినీళ్ళు తెమ్మంటావా?" అన్నాడు కెమెరామన్.

వద్దంది. ఫోర్‌మన్‌కి చెవులు వినపడవు. అతను విన్నది ఆమె వేలిని. చాలా సాయం చేస్తున్నారమ్మా అన్న అతని మాట మర్యాదకి అన్నది కాదు, నటనా కాదు.

ఆమె నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను ఓపిగ్గానే విన్నాడు. ఎవరికైనా ఒక పాటలో తాళం తప్పుతుందన్నాడు. అలిసిపోయి ఉంటారన్నాడు. మిగతా పాటలన్నిట్లో కుదిరింది కదా, అది చాలునన్నాడు. కుదిరింది తన వేలివల్లనని ఆమె మళ్ళీ చెప్పింది. దాంతో అతని మర్యాద కాస్తా కిందికి దిగిపోయింది.

"నీ వేలి సంగతి నిన్నెవరడిగారు? సంతకం పెట్టిందీ ఆ వేళ్ళతోనేగా. అదే మాట అక్కడ చెప్పు. మాట మార్చావంటే మాత్రం ఈ ఆఫీసు గుమ్మం మళ్ళీ తొక్కక్కర్లేదు."

ఆమె తలూపింది. అతను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. బయటికొచ్చి కెమెరామన్‌తో, కత్తిరించని వీడియో కూడా దగ్గర ఉంచుకొమ్మంది. అతను బిక్కమొహం వేశాడు. ఇద్దరు పిల్లలక్కా నాకు అన్నాడు. ఆమె విచారణకి బయల్దేరింది.

విచారణ గది చిన్నది. పొడుగుబల్లకి ఒక తలాపున అధికారి కూర్చున్నారు, చెంపలు నెరిసిన ఆవిడ. ఒకవైపు మేనేజరు, పక్కన ఆమె, కంప్యూటరు ముందు కెమెరామన్. ఎదురుగా ఫోర్‌మన్‌కీ, అతని భార్యకీ వేసిన కుర్చీలు. వాళ్ళిద్దరూ ఇంకా తలుపు దగ్గర ఉండగానే ఫోర్‌మన్ ఆమెని చూసి మొహం విప్పార్చుకుని చెయ్యి ఊపాడు, తెలిసినవాళ్ళు దొరికారన్నట్టు. ఆమె ఏ వైపు కుర్చీలో కూర్చుందో అతని భార్యే ముందు గమనించింది. ఆవిడ చూపు ఆమె మీదనుంచి కెమెరామన్ మీదికి పోయింది. బిస్కెట్లు తిన్న తమ్ముడు మీటలవంక చూస్తూ ఉండిపోయాడు.

కత్తిరించిన వీడియో వేశారు. అందులో ఫోర్‌మన్ అద్భుతంగా డాన్సు చేశాడు. పాట వెంట పాట, ఒక్క తప్పు లేదు. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మేనేజరు మోసం అనే మాట వాడాడు, దాన్ని తిప్పితిప్పి మళ్ళీ వాడాడు. ఫోర్‌మన్‌కి ఏమీ వినపడలేదు. తన బొమ్మ తెరమీద చూసుకుని కాస్త సిగ్గుపడ్డాడు. భార్య అతని అరచేతిలో వేలితో ఏదో రాసింది. అతని మొహంలో సిగ్గు పోయింది. ఆ స్థానంలో వచ్చిన భయాన్ని ఆమె బల్లకి ఇవతలినుంచి తిన్నగా చూసింది. చూడగలిగింది.

అధికారి ఆమెవైపు తిరిగి, రిపోర్టు మీదేనా అని అడిగారు. అవునంది. ఈయన సంగీతానికి తాళం తప్పకుండా డాన్సు చేశారని రాశారు, దానికి కట్టుబడి ఉన్నారా అని అడిగారు.

"లేదండీ. ఆ తాళం ఆయనది కాదు, నాది. ఈ వీడియో మొత్తం కాదు."

మేనేజరు కుర్చీ కిర్రుమంది. అధికారి కెమెరామన్‌ని చూశారు. కెమెరామన్ మేనేజర్ని చూడలేదు, ఆమెనీ చూడలేదు, తన బూట్లని చూసుకున్నాడు. తర్వాత, ఇంకోటి ఉంది మేడం అని గొణిగి, దాన్ని తెరిచాడు.

వేలు ఎక్కడ కదిలిందో, ఎక్కడ ఆగిందో ఆమె వేరే ఎవరి కేసో చెబుతున్నట్టు వివరించింది. ఎందుకు ఆగిందని అధికారి అడిగారు. ఆ పాటకి తను ఇదివరకు తన భర్తతో డాన్సు చేసేదనీ, ఆయన చనిపోయాడనీ చెప్పింది. గొంతు ఎక్కడా వణకలేదు. వణికితే బాగుండేదేమో, గదిలో వాళ్ళకి కాస్త సులువుగా ఉండేది.

మేనేజరు అడ్డుపడ్డాడు. ఫోర్‌మన్ గుంటనక్క అనీ, చెవిటివాడనిపించుకోవడానికి ఆ ఒక్క పాటలో కావాలనే తప్పి ఉంటాడనీ అన్నాడు.

"ఎవరికోసం తప్పాలి సార్?" అంది ఆమె. "సంచీలో కెమెరా ఉందని ఆయనకి తెలీదు. నేనెవరో తెలీదు. నటించడానికి ఎదురుగా ఎవరైనా ఉండాలిగా."

అధికారి ఆ ముక్కని మళ్ళీ వేయించుకుని చూశారు. తర్వాత ఇంకోసారి, శబ్దం తీసేయించి, వేలినీ పాదాన్నీ మాత్రమే చూశారు. శబ్దం లేకపోతే అంతా ఇంకా స్పష్టంగా ఉంది. ఫోర్‌మన్ ఇన్నాళ్ళూ చూస్తున్న ప్రపంచం అదే. మోసం ఆరోపణ కొట్టేస్తున్నాననీ, క్లెయిము చెల్లుతుందనీ ఆవిడ చెప్పి కలం మూతపెట్టారు.

వరండాలో మేనేజరు ఆమె పక్కనుంచి ఆగకుండా వెళ్ళిపోయాడు. రేపు తన టేబులు ఖాళీచెయ్యాలని ఆమెకి అర్థమైంది. సొరుగులో ఏమున్నాయో గుర్తుచేసుకుంది. ఒక గొడుగు, దువ్వెన, తలనొప్పి మాత్రలు.

ఫోర్‌మన్ ఆమె దగ్గరికి నడిచివచ్చాడు, గోడ పట్టుకుని, కొంచెం తూలుతూ. భార్య వద్దని చెయ్యి లాగినా ఆగలేదు. తను మెల్లగా మాట్లాడుతున్నాననుకుని వరండా అంతా మోగేట్టు మాట్లాడాడు.

"ఆవేళ మధ్యలో పాట అయిపోయిందనుకున్నానమ్మా. మీరు ఆగలేదని నేనూ నడిచాను. నాకోసమే వేలితో చెబుతున్నారనుకున్నా ఇన్నాళ్ళూ."

ఆమె అతనికి పెదవులు కనపడేట్టు ఎదురుగా నిలబడింది.

"పాట ఆగలేదండీ. నా వేలే ఆగింది. అది మీకోసం కాదు, మా ఆయనకోసం."

అతను ఆమె పెదవుల్ని చదువుకున్నాడు. అర్థమైందో లేదో తెలియలేదు. తర్వాత, "ఆయనకీ వినపడదా?" అని అడిగాడు.

ఆమె జవాబు చెప్పేలోపు అతని భార్య మధ్యకి వచ్చింది. మొగుడి మోచెయ్యి పట్టుకుని మెట్లవైపు తిప్పి, ఆమెవంక చూడకుండానే అంది.

"మీ వేలు మంచిదమ్మా. మిగతా మనిషి సంగతే నేనింకా తేల్చుకోలేదు."

ఆమె సరేనంది.

సాయంత్రం అత్తగారికి కట్టు విప్పించాలి. ఆమె వేళకే ఇంటికి చేరింది. అత్తగారు అప్పటికే తయారై కూర్చుని ఉంది. ఉద్యోగం పోయిందని చెబితే, ముందు చెయ్యి పట్టుకో, మెట్లు దిగాక చెబుదువుగాని అంది. తలుపు తాళం వేశారు. కిందింటి రేడియోలో ఏదో పాట, ఆమెకి తెలియనిది.

అత్తగారు చెయ్యి చాపుతూ, "డోలు వాయించకు మరి" అంది.

ఆమె అత్తగారి మోచెయ్యి పట్టుకుంది. ఈసారి తన వేలివంకే చూస్తూ మొదటి మెట్టు దిగింది. వేలు కొంచెంసేపు ఊరుకుంది. తర్వాత మొదలుపెట్టింది.

"వాయిస్తుంది అత్తయ్యా" అంది. "మీరు చూసుకుని దిగండి."